మునిగే ఊళ్లు, మిగిలే రూపాలు: పురావస్తు శాస్త్రం, సమకాలీన కళల కలయిక

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు కింది పనులు చేయగలుగుతారు:
1. పురావస్తు శాస్త్రజ్ఞుని పనికీ కళాకారుని పనికీ ఉన్న పోలికలను, తేడాలను వివరించడం.
2. నాగార్జునకొండ, బుద్ధవనం, 'బ్లాక్ గోల్డ్' అనే మూడు ఉదాహరణలను విమర్శనాత్మకంగా పోల్చడం.
3. మారుతున్న ఊరినో నగరాన్నో ఆధారంగా చేసుకున్న కళాకృతిని అంచనా వేయడానికి తగిన ప్రమాణాలను గుర్తించడం.
4. ఆ ప్రమాణాలను మీ ప్రాంతానికి అన్వయించడం.

1. పరిచయం

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల విద్యార్థులకు వెలిగొండ ప్రాజెక్టు కొత్త విషయం కాదు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా వరద నీటిని సొరంగాల ద్వారా కొండ ఇవతలికి తెచ్చి, 43.5 టి.ఎం.సి.ల మేర వాడుకోవాలన్నది పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు ఉద్దేశం. ఆ నీటిని నిలవ చేయడానికి కొండల మధ్య ఉన్న సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల గండ్లకు అడ్డుకట్టలు కట్టారు. అలా ఏర్పడే జలాశయానికి నల్లమల సాగర్ అని పేరు. పెద్దారవీడు మండలంలోని సుంకేసుల, కలనూతల, గుండంచర్ల వంటి ఊళ్లు ముంపు పరిధిలోకి వచ్చాయి.

తాగునీటికీ సాగునీటికీ ఏళ్ల తరబడి ఎదురుచూసిన ప్రాంతం ఇది. ప్రాజెక్టు అవసరాన్ని తేల్చడం ఈ భాగం పని కాదు. ఇక్కడి ప్రశ్న వేరు. ఒక ఊరు నీటి కిందికి పోతున్నప్పుడు దాని గతాన్ని ఎవరు, ఏ రూపంలో నిలబెట్టాలి? పురావస్తు శాస్త్రజ్ఞుడు నివేదిక రాస్తాడు. శిల్పి బొమ్మ చెక్కుతాడు. ఇద్దరూ కలిసి పనిచేస్తే ఆ పని విలువను ఎలా కొలవాలి? తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు 70 ఏళ్ల చరిత్ర ఉంది. అది శ్రీశైలానికి దిగువన, అదే కృష్ణా నది ఒడ్డున మొదలైంది.

2. ఇద్దరి పని: పోలికలు, తేడాలు

మన పల్లెల్లో పాత ఊరు ఉండి పాడుపడిన చోటును పాటిదిబ్బ అంటారు. అక్కడి మట్టి పాటిమన్ను. వందల ఏళ్ల బూడిద, పేడ, ఎముకలు, చెత్త కలిసిన ఆ మట్టి పొలానికి మంచి ఎరువని రైతుకు తెలుసు. బండ్లకెత్తి తోలేటప్పుడు అందులో కుండపెంకులు, పూసలు, ఒక్కోసారి నాణేలు కనిపిస్తాయి. ఒకే దిబ్బ రైతుకు ఎరువు, పురావస్తు శాస్త్రజ్ఞునికి ఆధారం, కళాకారునికి ముడిసరుకు.

పురావస్తు శాస్త్రజ్ఞుడు ఆ దిబ్బను పొరలు పొరలుగా తవ్వుతాడు. కింది పొర సాధారణంగా పాతది, పై పొర కొత్తది. దీనిని స్తరక్రమం అంటారు. ఏ పెంకు ఏ పొరలో, ఏ వస్తువు పక్కన దొరికిందో రాసుకోవడం ఆయన ప్రధాన బాధ్యత. ఆ సమాచారం పోతే వస్తువు మిగిలినా దాని సాక్ష్యం పోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. తవ్విన పొరను మళ్లీ తవ్వలేం. అంటే తవ్వకం కొంత మేరకు విధ్వంసం. అందుకే కొలతలు, పటాలు, ఛాయాచిత్రాలు, నివేదిక తప్పనిసరి.

కళాకారుడు కూడా పాత వస్తువులను ఏరుతాడు, పేరుస్తాడు, ప్రదర్శిస్తాడు. అయితే ఆయనకు ఊహించే స్వేచ్ఛ ఉంది. పెంకుకు పెంకు అతికి కుండ చేయాలన్న నియమం ఆయనకు లేదు. ఈ స్వేచ్ఛ వల్ల లాభమూ ఉంది, ప్రమాదమూ ఉంది. నివేదిక చదవని సామాన్యునికి గతం కళ్లకు కడుతుంది. అదే సమయంలో ఊహకూ ఆధారానికీ మధ్య గీత చెరిగిపోవచ్చు. ఈ భాగంలో మనం చూసే ఉదాహరణలన్నిటినీ ఈ గీత దగ్గరే పరీక్షిద్దాం.

3. నాగార్జునకొండ: తరలించిన నగరం

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో నాగార్జునకొండ లోయలో వర్ధిల్లింది. 1926లో అక్కడి శిథిలాలు పండితుల దృష్టికి వచ్చాయి. ఆ తరువాత లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపారు. నాగార్జునసాగర్ ఆనకట్ట నిర్ణయంతో లోయ మునగడం ఖాయమైంది. దాంతో భారత పురావస్తు శాఖ 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయ అంతటా పెద్దఎత్తున తవ్వకాలు జరిపింది. ఆనకట్టకు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది. అంటే ఒక వైపు ఆనకట్ట లేస్తుండగా, మరో వైపు నగరం బయటపడింది. మునిగిపోయే స్థలాన్ని గడువులోగా తవ్వి నమోదు చేసే ఇటువంటి పనిని ముంపు తవ్వకం అనవచ్చు.

కొన్ని కట్టడాలను విప్పి కొండపైన, కుడి గట్టున ఉన్న అనుపులో తిరిగి నిర్మించారు. మెట్ల వరుసలున్న క్రీడా రంగస్థలం, హారీతి ఆలయం అనుపులో ఉన్నాయి. మరికొన్ని కట్టడాలకు నమూనాలు తయారుచేశారు. కొండ నీటి మధ్య ద్వీపంగా మిగిలింది. అక్కడ విహారాన్ని తలపించే ఆకృతిలో మ్యూజియం కట్టారు. పలనాటి సున్నపురాయి శిల్పాలతో పాటు మునిగిన లోయ నమూనా కూడా అందులో ఉంది.

ఈ నమూనాను విమర్శకుడు జాగ్రత్తగా చూడాలి. దానిని మనం సాధారణంగా బోధనోపకరణంగా చూసి వదిలేస్తాం. నిజానికి అది నమూనాకారుని చేతిపని. ఏది పెద్దదిగా చూపాలి, ఏది వదిలేయాలి అన్న ఎంపిక అందులో ఉంది. లోయ మునిగే నాటికి అక్కడ పుల్లారెడ్డిగూడెం వంటి ఊళ్లు ఉండేవి. తవ్వకాలలో మట్టి మోసినవారు కూలీలు. కొండ చుట్టూ పొలాలు దున్నినవారు రైతులు. మ్యూజియం చూపే విజయపురి మాత్రం మూడో శతాబ్దపు రాజులది, రాణులది, భిక్షువులది. ప్రాచీన నగరానికి దక్కిన గౌరవంలో సమకాలీన పల్లెకు ఎంత వాటా దక్కింది? మీరు నాగార్జునకొండ వెళ్లినప్పుడు ఆ నమూనా ముందు నిలబడి ఈ ప్రశ్న వేసుకోండి.

దీని అర్థం నాగార్జునకొండ కృషి తక్కువదని కాదు. ఆరేళ్ల గడువులో, ఒక లోయ మొత్తాన్ని, రాతియుగం పనిముట్ల నుంచి మధ్యయుగపు కట్టడాల వరకు నమోదు చేయడం అసాధారణమైన పని. ఎక్కడ ఏముందో రాసిపెట్టారు కాబట్టే నేడు మనం ఈ ప్రశ్నలు వేయగలుగుతున్నాం. ఇది మొదటి పద్ధతి: ఉన్నదానిని తరలించి నిలబెట్టడం. నమ్మదగిన సమాచారం దీని బలం. ఎవరి గతాన్ని గతంగా లెక్కించారన్నది దీని పరిమితి.

4. బుద్ధవనం: పూరించిన ఖాళీలు

అదే జలాశయానికి తెలంగాణ వైపు గట్టున 274 ఎకరాలలో ఏర్పాటైన బుద్ధవనం 2022 మే 14న ప్రారంభమైంది. సంప్రదాయ శిల్పశాస్త్రంలో శిక్షణ పొందిన స్థపతి, పురావస్తు పరిశోధకుడు కూడా అయిన ఈమని శివనాగిరెడ్డి వంటి నిపుణుల సలహా ఈ నిర్మాణానికి అందింది. ఒకే వ్యక్తిలో ఉలి, పరిశోధన కలిసిన సందర్భం ఇది. అందుచేత మన చర్చకు ఇది ముఖ్యమైన ఉదాహరణ.

ఇక్కడి ప్రధాన కట్టడం అమరావతి స్తూపం స్ఫూర్తితో కట్టిన మహాస్తూపం. బుద్ధుని జీవిత ఘట్టాలను, జాతక కథలను చూపే శిల్పాలతో వేర్వేరు వనాలు ఉన్నాయి.

దీని వెనుక ఉన్న కారణం బలమైనది. అమరావతి మహాస్తూపాన్ని కాలిన్ మెకంజీ మొదటిసారి 1797లో చూశారు. తరువాతి కాలంలో దాని శిల్పఫలకాలు చాలావరకు చెన్నై, లండన్ మ్యూజియంలకు చేరాయి. స్తూపం ఉన్నచోట నేడు మిగిలింది అడుగు భాగమే. తెలుగువారు తమ మహాస్తూపాన్ని నిండు రూపంలో చూడాలంటే ఎవరో ఒకరు దానిని తిరిగి ఊహించి కట్టక తప్పదు. అందుకు ఆధారమూ ఉంది. అమరావతి శిల్పులు తమ ఫలకాల మీద స్తూపం బొమ్మనే చెక్కారు. మేధి, అండం, హర్మిక, ఆయక స్తంభాలు ఎక్కడెక్కడ ఉండేవో ఆ ఫలకాలు చెబుతాయి. ప్రాచీన శిల్పి వదిలిన పటాన్ని చూసి నేటి శిల్పి కట్టడం ఎంతో అర్థవంతమైన సహకారం.

అయితే విమర్శ కూడా ఇక్కడే మొదలవుతుంది. మొదటి అంశం: ప్రాచీన స్తూపం గట్టి కట్టడం. భక్తుడు దాని లోపలికి వెళ్లడు, చుట్టూ ప్రదక్షిణ చేస్తాడు. బుద్ధవనంలోని మహాస్తూపం సందర్శకులు లోపలికి వెళ్లగలిగే భవనం. పర్యాటక అవసరానికి అది సబబే. కానీ చూసేవారికి ఈ తేడా తెలియకపోతే, స్తూపం అంటే గుమ్మటం ఉన్న హాలు అనే పొరపాటు అభిప్రాయం ఏర్పడుతుంది.

రెండో అంశం మరింత ముఖ్యమైనది. విరిగిన శిల్పాన్ని మరమ్మతు చేసేటప్పుడు కొత్తగా చేర్చిన భాగం పాతదానితో కలిసిపోకుండా, చూడగానే తేడా తెలిసేలా ఉంచడం పురావస్తు సంరక్షణలో పాటించే నియమం. ఏది దొరికిందో, ఏది మనం చేర్చామో దాచకూడదన్నది దాని సారం. బుద్ధవనం శిల్పాలు అన్నీ కొత్తవి, అన్నీ పూర్తివి. విరిగిన చేయి లేదు, అరిగిన ముఖం లేదు. ఆధారం ఎక్కడ ఆగిందో, శిల్పి ఊహ ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. 1,800 ఏళ్లలో ఈ శిల్పాలకు ఏమైందన్న కథ, అంటే సున్నం బట్టీల కథ, ఓడలెక్కిన ఫలకాల కథ, ఈ నిండుతనంలో కనిపించకుండా పోతుంది.

ఇది రెండో పద్ధతి: లేనిదానిని పూరించి చూపడం. చూడగానే అర్థం కావడం, సామాన్య సందర్శకుడిని చేరడం దీని బలం. నష్టాన్ని కనబడనీయకపోవడం దీని లోపం. ఈ లోపాన్ని దిద్దడం కష్టం కాదు. ప్రతి శిల్పం పక్కన దాని మూల ఫలకం నేడు ఎక్కడుందో, అందులో ఎంత భాగం మిగిలిందో తెలిపే చిన్న రాతిపలక ఉంటే చాలు. అప్పుడు చూసేవాడు శిల్పాన్నీ చూస్తాడు, పోయినదాన్నీ లెక్కవేసుకుంటాడు.

5. బ్లాక్ గోల్డ్: పెంకులతో కట్టిన నగరం

పోలిక కోసం కేరళ నుంచి ఒక ఉదాహరణ చూద్దాం. కొచ్చికి సమీపంలోని పట్టణం అనే గ్రామంలో కేరళ చరిత్ర పరిశోధన మండలి 2007 నుంచి తవ్వకాలు జరిపింది. రోమ్‌తో మిరియాల వ్యాపారం చేసిన ముజిరిస్ రేవు ఇదేనని తవ్వినవారు భావించారు. ఈ గుర్తింపుపై చరిత్రకారులలో చర్చ ఉంది. 2012 డిసెంబర్ 12న మొదలైన తొలి కొచ్చి-ముజిరిస్ బినాలేలో చిత్రకారుడు వివాన్ సుందరం 'బ్లాక్ గోల్డ్' అనే కృతిని ప్రదర్శించారు. పట్టణం తవ్వకాలలో దొరికి, పక్కన పెట్టేసిన కుండపెంకులే ఆయన ముడిసరుకు. వాటిని నేలమీద పేర్చి ఒక ఊహానగరాన్ని కట్టారు. దాని మీదికి నీళ్లు పారించి, మిరియాలు తేలేటట్లు చేసి, ఆ దృశ్యాన్ని చిత్రీకరించారు. నల్ల బంగారం అంటే మిరియమే.

ఈ కృతిలో మూడు విషయాలు గమనించాలి. ఒకటి, పెంకు పెంకుగానే ఉంది. దానిని కుండగా మార్చే ప్రయత్నం లేదు. రెండు, ఇది ముజిరిస్ నగర పటం అని కళాకారుడు ఎక్కడా చెప్పుకోలేదు. చరిత్రకారులు తేల్చని విషయాన్ని ఆయన తేల్చినట్లు నటించలేదు. మూడు, నీరు ఇక్కడ అలంకారం కాదు. వరదల వల్ల రేవు పోయిందన్న నమ్మకాన్ని చూసేవాడి కళ్ల ముందు జరిపించారు. నగరం కట్టడం, మునగడం రెండూ ఒకే కృతిలో ఉన్నాయి.

దీనికీ పరిమితి ఉంది. పట్టణం గ్రామంలో ఆ పెంకులు దొరికిన పెరళ్లు, ఇళ్లు నేటి మనుషులవి. వారు బినాలే ప్రేక్షకులుగా ఎంతమేరకు ఉన్నారన్నది ఆలోచించవలసిన విషయం. సమకాలీన కళాప్రదర్శన భాష తెలియనివారికి నేలమీది పెంకులు పెంకులుగానే కనిపించే ప్రమాదం ఉంది.

ఈ చిక్కును అమెరికా కళాకారుడు మార్క్ డయన్ మరో విధంగా ఎదుర్కొన్నారు. లండన్‌లో థేమ్స్ ఒడ్డున మూతపడిన విద్యుత్ కేంద్రం టేట్ మోడరన్ అనే కళామందిరంగా మారుతున్న రోజులవి. 1999లో ఆయన స్థానిక స్వచ్ఛంద కార్యకర్తలతో కలిసి నది ఒడ్డు బురదలోని వస్తువులు ఏరించారు. మట్టి పొగగొట్టాలు, సీసా ముక్కలు, ఎముకలు, ప్లాస్టిక్ సామాను కడిగి ఒక పెద్ద చెక్క బీరువాలో పేర్చారు. కాలక్రమాన్ని పక్కనబెట్టారు. నిన్నటి ప్లాస్టిక్‌కూ, నాలుగు వందల ఏళ్ల మట్టి గొట్టానికీ ఒకే బీరువాలో చోటు దొరికింది. స్తరక్రమాన్ని వదిలేయడం శాస్త్రం దృష్ట్యా నష్టమే. కానీ ఏరినవారు ఆ పేటల మనుషులే. తమ కాలపు చెత్త కూడా రేపటి ఆధారమని వారికి చేతితో తెలిసింది.

ఇది మూడో పద్ధతి: ముక్కను ముక్కగా ఉంచి ప్రశ్న వేయడం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
గమనిక: జవాబులను మీ నోటు పుస్తకంలో రాయండి.
(అ) స్తరక్రమం అంటే ఏమిటి?
(ఆ) బుద్ధవనం మహాస్తూపానికీ ప్రాచీన స్తూపానికీ నిర్మాణంలో ఉన్న ఒక తేడా రాయండి.
(ఇ) 'బ్లాక్ గోల్డ్'లో నీటికి ఉన్న అర్థం ఏమిటి?

6. చందవరం: చోటు పోతే ఏం పోతుంది?

మార్కాపురం ప్రాంతానికి దగ్గరలో, దొనకొండ మండలంలో, గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ క్షేత్రం ఉంది. 1970లలో అక్కడ తవ్వకాలు జరిగి మహాస్తూపం బయటపడింది. అక్కడి సున్నపురాయి శిల్పాలు కొన్ని తరువాతి కాలంలో దొంగతనానికి గురయ్యాయి. బుద్ధుని ఆరాధకులను చూపే ఒక ఫలకాన్ని ఆస్ట్రేలియా జాతీయ కళామందిరం 2005లో ఒక వ్యాపారి నుంచి కొన్నది. అది చందవరానిదని ఛాయాచిత్రాల ఆధారంగా తేలడంతో 2016లో భారతదేశానికి తిరిగి ఇచ్చింది.

కళామందిరంలో ఉన్నంతకాలం ఆ ఫలకం అందమైన శిల్పం. కానీ దానికి ఊరు లేదు. ఊరు తిరిగి దొరికింది ఎలా? ఎవరో ఒకప్పుడు దానిని చందవరంలో ఫోటో తీసి దాచారు కాబట్టి. శిల్ప సౌందర్యం గురించి ఎంత రాసినా దక్కని న్యాయం ఒక మామూలు నమోదు వల్ల దక్కింది. కళ, పురావస్తు శాస్త్రం కలిసి పనిచేసే ప్రతి చోటా ఈ పాఠం గుర్తుంచుకోవాలి. నమోదు ముందు, రూపకల్పన తరువాత.

7. సుంకేసుల వైపు చూపు

ఇప్పుడు పరిచయంలోని ప్రశ్నకు వద్దాం. నల్లమల సాగర్ ముంపు గ్రామాలలో అమరావతి వంటి స్తూపం లేకపోవచ్చు. రాజధాని లేనంత మాత్రాన అక్కడ గతం లేదని అనలేం. విజయపురి విషయంలో మనం చేసిన విమర్శే ఇక్కడ మన బాధ్యతగా మారుతుంది. రాజు కట్టినది మునిగితే దేశమంతా కదిలింది. రైతు కట్టుకున్నది మునిగితే నష్టపరిహారం పట్టికలో ఒక వరుస అవుతుంది. గది కొలత, చెట్ల లెక్క, సర్వే నంబరు ఆ వరుసలో ఉంటాయి. ఆ గదిలో పొయ్యి ఏ మూల ఉండేదో, గ్రామదేవతకు ఏ రాయిని నిలిపారో, కొండ మీది వాగుకు ఏ పేరుతో పిలిచేవారో అందులో ఉండవు.

ఈ ప్రాంతపు రాయి కూడా చర్చకు తోడ్పడుతుంది. మార్కాపురం పలక ఒకప్పుడు ఊరూరా బడిపిల్లల చేతిలో ఉండేది. నోటు పుస్తకాలు వచ్చాక ఆ వాడకం తగ్గింది. గనుల చుట్టూ పనికిరాని రాతిముక్కల గుట్టలు పెరిగాయి. ఆ గుట్ట మన కాలపు పాటిదిబ్బ. రాయడానికి, చెరపడానికి పుట్టిన ఆ రాతి మీద ముంపు ఊళ్ల వీధుల పటాలను, ఇంటిపేర్లను చెక్కి పునరావాస కాలనీలో నిలబెడితే, ముడిసరుకూ విషయమూ ఒకే నేలవి అవుతాయి. ఇది ఒక ఊహ మాత్రమే. అయితే అటువంటి కృతి వస్తే దానిని ఎలా అంచనా వేయాలో ఇప్పటివరకు చూసిన ఉదాహరణలు నేర్పుతాయి. ఆ ప్రమాణాలు నాలుగు:

(1) నమోదు: కృతికి ముందు స్థలాన్ని కొలతలతో, ఛాయాచిత్రాలతో నమోదు చేశారా? (నాగార్జునకొండ, చందవరం)
(2) నిజాయితీ: ఏది దొరికింది, ఏది ఊహించారు అన్నది చూసేవారికి తెలుస్తోందా? (బుద్ధవనం)
(3) నష్టం: పోయినదానిని కృతి కనబడనిస్తోందా, కప్పిపుచ్చుతోందా? ('బ్లాక్ గోల్డ్')
(4) భాగస్వామ్యం: ఆ చోటి మనుషులు పనిలోనూ, చూపులోనూ ఉన్నారా? (థేమ్స్ ఒడ్డు)

ఈ నాలుగింటిలో చివరిదే అన్నిటికంటే బరువైనది. మొదటి మూడింటినీ నిపుణులు బయటి నుంచి వచ్చి చేయగలరు. నాలుగోది ఊరివారు లేకుండా జరగదు. పైగా దానికి గడువు ఉంది. ఊరు ఖాళీ అయ్యాక వాగు పేరు చెప్పేవారు నాలుగు కాలనీలకు చెదిరిపోతారు. కళాకారుడు నీళ్లు వచ్చాక రావచ్చు. నమోదు నీళ్లకు ముందే జరగాలి.

ఒక హెచ్చరిక అవసరం. పాత దిబ్బలను సొంతంగా తవ్వకూడదు. రక్షిత స్థలాలకు 1958 నాటి చట్టం వర్తిస్తుంది. భూమిలో దొరికిన విలువైన వస్తువుల గురించి 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. విద్యార్థి చేయగలిగింది పైపైన కనిపించేదాన్ని చూడడం, గీయడం, ఫోటో తీయడం, పెద్దలను అడిగి రాసుకోవడం. చందవరం ఫలకాన్ని ఇంటికి చేర్చింది అటువంటి పనే.

8. సారాంశం

పురావస్తు శాస్త్రం, సమకాలీన కళ కలిసే మార్గాలు మూడు: తరలించడం, పూరించడం, ముక్కను ముక్కగా ఉంచి ప్రశ్నించడం. నాగార్జునకొండలో నమోదు గొప్పది. అయినా సమకాలీన పల్లె పక్కకు తప్పుకుంది. బుద్ధవనం చెదిరిన అమరావతిని నిండుగా చూపింది. కానీ ఆధారానికీ ఊహకూ మధ్య గీతను చూపలేదు. 'బ్లాక్ గోల్డ్' ఆ గీతను నిలిపింది. అయితే అందరికీ అందే భాష దానిది కాదు. ఏ పద్ధతీ తనంత తాను చాలదు. నమోదు, నిజాయితీ, నష్టం, భాగస్వామ్యం అనే నాలుగు ప్రమాణాలతో ఏ కృతినైనా అంచనా వేయవచ్చు.

9. కీలక పదాలు

పాటిదిబ్బ: పాత ఊరు పాడుపడి ఏర్పడిన మట్టిదిబ్బ.
స్తరక్రమం: మట్టిపొరలు ఒకదానిపై ఒకటి ఏర్పడిన వరుస.
ముంపు తవ్వకం: మునిగిపోయే స్థలాన్ని గడువులోగా తవ్వి నమోదు చేయడం.
ఆయక స్తంభాలు: ఆంధ్ర స్తూపాలకు నాలుగు దిక్కులా నిలిపే ఐదేసి స్తంభాలు.

10. మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నాగార్జునకొండ, బుద్ధవనం గతాన్ని చూపే పద్ధతులను పోల్చి విమర్శించండి.
2. "నమోదు ముందు, రూపకల్పన తరువాత" అనే అభిప్రాయాన్ని చందవరం ఉదాహరణతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కళాకారుని ఊహాస్వేచ్ఛ వల్ల కలిగే లాభం, ప్రమాదం ఏమిటి?
2. టేట్ థేమ్స్ ఒడ్డు కృతిలో స్థానికుల పాత్ర ఎటువంటిది?

III. అభ్యాసం
మీ ఊరిలోగాని పొరుగున గాని మారిపోతున్న ఒక చోటును ఎంచుకోండి. అది చెరువుగట్టు, పాత వీధి, పలకల గని, రోడ్డు వెడల్పులో పోయే అరుగు, ఏదైనా కావచ్చు. దాని పటం గీసి, అక్కడి ముగ్గురు పెద్దలు చెప్పిన పేర్లను, సంగతులను రాయండి. ఈ సమాచారంతో ఎటువంటి కళాకృతి చేయవచ్చో సూచించి, దానిని పై నాలుగు ప్రమాణాలతో మీరే విమర్శించండి.